విమానం ఎక్కేలోపు నైట్ గార్డ్ కుదరాలి

సికింద్రాబాద్ నుంచి చదువుకో ఉద్యోగానికో బయటి దేశం వెళ్ళేవాళ్ళు ప్రయాణానికి ముందు ఒకసారి పళ్ళ డాక్టర్ దగ్గరికి పోవడం ఇప్పుడు మామూలే. మారేడుపల్లిలోనో, తార్నాకలోనో, సైనిక్‌పురిలోనో ఇంటికి దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో పుచ్చుపళ్ళు పూడ్పించుకుంటారు, క్లీనింగ్ చేయించుకుంటారు, జ్ఞానదంతం సంగతి తేల్చుకుంటారు. నిద్రలో పళ్ళు నూరేవాళ్ళు రాత్రి పెట్టుకునే తొడుగు, అదే నైట్ గార్డ్, మాత్రం అన్నిటికన్నా ఆఖర్న గుర్తొస్తుంది. వీసా చేతికొచ్చి, సూట్‌కేసులు తూకం వేసుకుంటున్న వారంలో పళ్ళ అచ్చు ఇచ్చి, బయల్దేరే ముందురోజు డబ్బా తెచ్చుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. గార్డ్ తయారయ్యేది ల్యాబ్‌లోనే అయినా, అది నోటికి కుదిరేది డాక్టర్ కుర్చీలో, పెట్టి చూసి, అరగదీసి, మళ్ళీ పెట్టి చూసినప్పుడే. ఆ రాకపోకలకు కనీసం ఆరు వారాలు చేతిలో ఉంచుకోండి.

ముందు అది మీకు అవసరమో కాదో తేలాలి. నిద్రలో పళ్ళు నూరుతున్న సంగతి నూరేవాళ్ళకి తెలియదు, పక్కన పడుకున్నవాళ్ళే చెప్పాలి. పొద్దున లేవగానే కణతల దగ్గర నొప్పి, దవడ బిగుసుకున్నట్టు ఉండటం, చన్నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమనడం, దవడ పళ్ళ మొనలు అరిగి చదునవడం గుర్తులు. పిల్లలు పళ్ళు కొరికితే నులిపురుగులని మన ఇళ్ళల్లో మందు పోసేవారు. అందుకే పెద్దయ్యాక కూడా దీన్ని పళ్ళ డాక్టర్‌కి చెప్పాల్సిన విషయంగా చాలామంది అనుకోరు. పెద్దవాళ్ళలో మానసిక ఒత్తిడి, నిద్ర చెడటం, కాఫీ, సిగరెట్, మద్యం, డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులు దీన్ని పెంచుతాయి. కొత్త దేశంలో మొదటి ఏడాది వీటిలో ఒకటి రెండైనా కలిసి రావడం సహజం. గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగే ఇబ్బంది ఉంటే ఆ మాట ముందే చెప్పండి. అలాంటివాళ్ళలో కొందరికి పై పళ్ళ గార్డ్ ఆ ఇబ్బందిని ఇంకా పెంచవచ్చు, కాబట్టి ముందు నిద్ర పరీక్ష చేయించుకోవాలి.

ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పాలి. నైట్ గార్డ్ పళ్ళు నూరడాన్ని మాన్పించదు. ఆ రాపిడిని పళ్ళ మీద పడనీయకుండా తను అరుగుతుంది, అంతే. ఒక్క రాత్రిలో తలనొప్పి పోతుందని ఆశపడినవాళ్ళే వారం తిరక్కుండా దాన్ని డబ్బాలో పడేస్తారు.

సికింద్రాబాద్‌లో ఎక్కడికి వెళ్ళాలంటే, కట్టుడు పళ్ళు, క్రౌన్లు చూసే ప్రోస్థోడాంటిస్ట్ ఉన్న చోటికి వెళ్ళడం మేలు. మామూలు క్లినిక్ డాక్టర్లూ చేస్తారు గానీ, పళ్ళు ఒకదానిమీద ఒకటి ఎలా ఆనుతున్నాయో చూడటమే ప్రోస్థోడాంటిస్టుల చదువులో ముఖ్య భాగం. జవహర్‌నగర్ వైపున్న ఆర్మీ కాలేజ్ ఆఫ్ డెంటల్ సైన్సెస్ లాంటి బోధనాసుపత్రుల్లో ఇందుకు విడిగా విభాగం ఉంటుంది. అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలోనూ ఉంది. అక్కడ ఖర్చు తక్కువ, టైమ్ ఎక్కువ. మీ చేతిలో ఏది ఉందో చూసుకోండి.

అచ్చు ఇచ్చే ముందే ఫిల్లింగులు, క్రౌన్లు అన్నీ అయిపోవాలి. గార్డ్ తయారయ్యాక ఒక్క క్రౌన్ వేసినా అది మళ్ళీ సరిగా కూర్చోకపోవచ్చు. అచ్చు రెండు రకాలుగా తీస్తారు: ట్రేలో ముద్ద పెట్టి, లేదా చిన్న కెమెరాతో స్కాన్ చేసి. ముద్దకు వాడే ఆల్జినేట్ ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. కాబట్టి వెంటనే అక్కడే ప్లాస్టర్ పోస్తారా, లేక సాయంత్రం ల్యాబ్ అబ్బాయి వచ్చేదాకా అలాగే ఉంచుతారా అని అడగండి. అడిగితే ఎవరూ తప్పుపట్టరు. తర్వాత వదులయ్యే గార్డులు కొన్నింటికి మూలం ఆ రెండు మూడు గంటల్లోనే ఉంటుంది. వాంతి వచ్చినట్టు అనిపించేవాళ్ళు కడుపునిండా తిని వెళ్ళకూడదు. కుర్చీలో నిటారుగా కూర్చుని, తల కాస్త ముందుకు వంచి, ముక్కుతో ఊపిరి తీసుకుంటే గడిచిపోతుంది.

మెత్తటి గార్డ్ మొదటి రాత్రి హాయిగా ఉంటుంది. కానీ కొందరు దాన్ని నమిలేస్తారు, దవడ ఇంకా అలసిపోతుంది. అరగదీసి సరిచేయడం కూడా కష్టం. గట్టిగా నూరేవాళ్ళకి గట్టి యాక్రిలిక్‌తో, అన్ని పళ్ళనూ కప్పేదే మంచిదని నా అభిప్రాయం. లోపల మెత్తగా, పైన గట్టిగా ఉండే రెండు పొరల రకం మధ్యేమార్గం. ముందు పళ్ళకే తగిలించే చిన్న గార్డ్ జోలికి మాత్రం డాక్టర్ పర్యవేక్షణ లేకుండా పోకండి. నెలల తరబడి వాడితే పళ్ళ ఆనుడు మారిపోవచ్చు, నిద్రలో ఊడి గొంతులోకి జారే ప్రమాదమూ ఉంది.

ఇక కుదరడం. తొందరపడి లేచి రావద్దనేది ఇక్కడే. గార్డ్ వేలి ఒత్తిడికే చిన్నగా టక్‌మని కూర్చోవాలి, కొరికి దించాల్సిన అవసరం రాకూడదు. ఒక పక్క నొక్కితే రెండో పక్క లేస్తోందంటే సాధారణంగా అచ్చులోనే తేడా, మళ్ళీ తీయించండి. మొత్తం మీద కాస్త బిగుతుగా ఉండటం వేరు, ఒకే పన్ను మీద నొక్కినట్టు ఉండటం వేరు. మొదటిది కొన్ని రాత్రుల్లో సర్దుకుంటుంది. రెండోది సర్దుకోదు, ఏ పన్నో వేలితో చూపించి లోపల ఆ చోట తీయించుకోవాలి. అంచులు నాలుకకో చిగురుకో గీసుకుంటుంటే పాలిష్ చేయించండి. తర్వాత రంగు కాగితం పెట్టి కొరకమంటారు. రెండు పక్కల దవడ పళ్ళ మీదా మచ్చలు ఒకేలా పడాలి. దవడ పక్కకి జరిపితే మాత్రం వెనక పళ్ళు విడిపోయి, కోరపళ్ళ దగ్గరే ఆనితే మంచిది. కూర్చున్నప్పుడు ఒకలా, పడుకున్నప్పుడు ఇంకోలా దవడ ఆనుతుంది. మీరు దాన్ని వాడేది పడుకునే కాబట్టి, కుర్చీ వెనక్కి వాల్చి కూడా చూడమని అడగండి.

మొదటి వారం నోట్లో నీళ్ళూరతాయి, మాట ముద్దగా వస్తుంది, కొందరు నిద్రలోనే తీసి పారేస్తారు. పడుకునే ముందు ఒక గంట పెట్టుకుని అలవాటు చేసుకోండి. పొద్దున తీశాక కాసేపు పళ్ళు సరిగ్గా కలవనట్టు అనిపించడం మామూలే. టిఫిన్ అయ్యాక కూడా అలాగే ఉంటే, రోజూ అలాగే జరుగుతుంటే, మళ్ళీ వెళ్ళి చూపించండి. వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి చూపించుకున్నాకే ప్రయాణం పెట్టుకుంటే నిశ్చింత. పళ్ళు స్కాన్ చేసి ఉంటే, వచ్చేటప్పుడు దాని 3డి నమూనా ఉండే ఎస్‌టీఎల్ ఫైల్ అడిగి మెయిల్‌లో దాచుకోండి. పళ్ళలో మార్పు రాకపోతే, గార్డ్ పోయినా విరిగినా అక్కడి ల్యాబ్‌కి అది పనికొస్తుంది.

గార్డ్ చెక్-ఇన్ సామానులో కాదు, చేతి సంచిలో ఉండాలి. అది వేడికి వంగిపోతుంది కాబట్టి మరిగే నీళ్ళలో వేయకండి, మన ఎండల్లో కారు డాష్‌బోర్డ్ మీద వదలకండి. చల్లటి నీళ్ళు, మెత్తటి బ్రష్, చుక్క గిన్నెల సబ్బు చాలు. టూత్‌పేస్ట్‌తో దానిమీద గీతలు పడతాయి. గాలి ఆడే డబ్బాలో పెట్టండి, టిష్యూలో చుడితే ఎవరో ఒకరు చెత్తబుట్టలో వేస్తారు. పెట్టుకున్నాక మంచినీళ్ళు తప్ప ఏమీ తాగొద్దు.

అక్కడికి చేరాక తెలియాల్సింది బీమా సంగతి. అమెరికాలో డెంటల్ ఇన్సూరెన్స్ సాధారణంగా హెల్త్ ఇన్సూరెన్స్‌తో కలిసి రాదు, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇచ్చే గడువులోపు విడిగా ఎంచుకోవడం మేలు. అన్ని పళ్ళనూ కప్పే గట్టి గార్డ్‌కి ఇన్సూరెన్స్ వాళ్ళు వాడే కోడ్ డి9944, మెత్తటిది డి9945, సరిచేయడానికి డి9943. ఫోన్‌లో ఈ నంబర్లు చెప్పి అడిగితే సూటిగా జవాబు వస్తుంది. కొన్ని ప్లాన్లు అసలు ఇవ్వవు, కొన్ని కొన్నేళ్ళకు ఒకసారే ఇస్తాయి. వేరొకరు చేసిన గార్డ్‌ని సరిచేస్తారో లేదో కూడా ముందే అడగండి, కొందరు డాక్టర్లు ఒప్పుకోరు. డల్లాస్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం, న్యూవర్క్‌లో రట్గర్స్ డెంటల్ కాలేజీల క్లినిక్‌లు విద్యార్థుల జేబుకి కాస్త అందుబాటులో ఉంటాయి. ఇంగ్లండ్‌లో వీసాతో హెల్త్ సర్‌చార్జ్ కట్టినా పళ్ళకు ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ రుసుము వేరే, ల్యాబ్‌లో చేసే పనులు ఆ రుసుముల్లో మూడో బ్యాండ్‌లోకి వస్తాయి. ఆస్ట్రేలియాలో విద్యార్థుల ఆరోగ్య బీమా ఓఎస్‌హెచ్‌సీ మామూలుగా పళ్ళను చూడదు. అదనంగా ఎక్స్‌ట్రాస్ కవర్ తీసుకునేటప్పుడు గార్డ్ కోడ్, ఐటమ్ 965, ఉందా అని అడగండి.

మందుల షాపుల్లో దొరికే, వేడినీళ్ళలో ముంచి కొరికే రకం, అసలుది విరిగినప్పుడు కొన్నాళ్ళు గడుపుకోవడానికి మాత్రమే. వారాల తరబడి వాడకుండా ఉండి మళ్ళీ పెడితే గార్డ్ ఎక్కకపోవచ్చు, బలవంతంగా నొక్కకండి. పన్ను కదులుతున్నట్టున్నా, నోరు పూర్తిగా తెరుచుకోకపోయినా, గార్డ్‌కి చిల్లు పడినా వాడటం ఆపి, ఆ వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకోండి. వెళ్ళేటప్పుడు గార్డ్‌ని డబ్బాతో సహా తీసుకెళ్ళండి.