గుండె శస్త్రచికిత్స పిమ్మట కడుపును కనిపెట్టవలెను

గోదావరి జిల్లాల గ్రామములలో గుండెజబ్బు నేడు అరుదైన వ్యాధి కాదు. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములందు ఒక సంవత్సరకాలమున సంభవించిన మరణములను పరిశీలింపగా, దాదాపు మూడింట ఒకవంతు గుండెకు, రక్తనాళములకు సంబంధించిన వ్యాధుల వలననే కలిగినట్లు తేలినది. 2007లో ఆరోగ్యశ్రీ పథకము ప్రారంభమైన పిమ్మట పేద కుటుంబములవారు కూడ గుండె శస్త్రచికిత్స పొంది స్వగ్రామములకు తిరిగి వచ్చుచున్నారు. వీరి విషయమున మనము తెలిసికొనదగిన సంగతి ఒకటి కలదు. చికిత్స గుండెకు జరిగినను ఒక్కొక్కప్పుడు ప్రమాదము కడుపునకు కలుగును.

ఇది ఎట్లు జరుగును? కాలువలో నీరు తగ్గినపుడు ముందుగా ఎండునది శివారు పొలము. శరీరమున రక్తప్రసారము తగ్గినపుడు ప్రేగుల గతియు అట్టిదే. మెదడును, గుండెను కాపాడుటకై శరీరము ప్రేగులకు పోవు రక్తమును తగ్గించును. శస్త్రచికిత్సలో రక్తమును నడపు యంత్రము చాలసేపు పనిచేసినను, తరువాత గుండె బలహీనపడినను ఈ స్థితి ఏర్పడవచ్చును. నాడి క్రమము తప్పినచో గుండెలో గడ్డకట్టిన రక్తము కొట్టుకొనిపోయి ప్రేగుల నాళమునకు అడ్డుపడవచ్చును. రక్తము గడ్డకట్టకుండ ఇచ్చు మందుల వలన కడుపులోని పాత పుండు నుండి రక్తము కారవచ్చును.

ఇట్టి ఉపద్రవములు నూటికి ఏ ఒకరిద్దరికో కలుగును. కాని కలిగినవారికి ప్రాణాపాయము మెండు. అందువలననే ముందుగా ఊహించుట ముఖ్యము. స్వీడన్ దేశమందలి లుండ్ నగర వైద్యులు 2010లో ఇందుకొక గణన పద్ధతిని ప్రకటించిరి. వయస్సు, పొగత్రాగు అలవాటు, యంత్రము నడిచిన కాలము, నాడి క్రమము తప్పుట మున్నగువానికి అంకెలు వేసి, మొత్తమును బట్టి ప్రమాదమును అంచనా వేయుదురు. కావున లంక పొగాకు చుట్ట త్రాగువారును, పూర్వము కడుపులో పుండు ఉన్నవారును ఆ సంగతిని వైద్యునికి దాచరాదు.

పెక్కు ఉపద్రవములు ఆసుపత్రిలోనే బయటపడును. రక్తస్రావము మాత్రము ఇల్లు చేరిన పిమ్మటను కలుగవచ్చును. ఈ గుర్తులను ఇంటివారికి తెలుపవలెను:

1. తారువలె నల్లని విరేచనము, లేక రక్తపు వాంతి. ఇనుము మాత్రల వలన కూడ మలము నల్లబడును. ఆ నిర్ణయము వైద్యునికే విడువవలెను.
2. కడుపు ఉబ్బి, మలముగాని వాయువుగాని వెడలకుండుట.
3. తగ్గని కడుపునొప్పి. ప్రేగులకు రక్తము అందనపుడు తొలుత కడుపు మెత్తగానే ఉండి, నొప్పి మాత్రము దుర్భరముగా నుండును.
4. కన్నులు పచ్చబడుట.

ఇట్టి సమయమున గ్యాసు అని సోడా త్రాగించి కాలము గడుపరాదు. విరేచనపు మందు ఇయ్యరాదు. దుకాణములో నొప్పి మాత్రలు కొనరాదు. గుండెకు వ్రాసిన మందులను తమంత తాము మానరాదు.

పంచాయతీ సభ్యులు చేయదగినది స్వల్పమే. గుండె శస్త్రచికిత్స పొందినవారు ఊరిలో ఎవరెవరో ఆశా కార్యకర్త ద్వారా తెలిసికొనుడు. వారి ఆసుపత్రి చీటీలు చేతికందునట్లు ఉంచుమని చెప్పుడు. గుర్తు కనబడగనే 108కి ఫోను చేయింపుడు. వరదకాలమున పడవయే దారియైన లంక గ్రామములలో, రాత్రివేళ పడవ నడుపువారెవరో ముందుగానే నిర్ణయించి ఉంచుడు. నొప్పి మొదలైన పిమ్మట పడవను వెదకుచు పోగొట్టిన గంటను ఏ వైద్యుడును తిరిగి ఇయ్యజాలడు.