పలకరించే ముందు పుట్టే జంకు

ప్రశ్న: మాది గడివేముల. డిగ్రీ చదువుకు రోజూ బస్సులో నంద్యాల వెళ్లొస్తాను. కొత్తవాళ్లతో మాట కలపాలంటే జంకు. ఏం చేయాలి?

జవాబు: ‘నేను మాట్లాడితే వాళ్లకు నచ్చదేమో’ అన్న అంచనాలోంచే మీ జంకు పుడుతోంది. ఆ అంచనా తరచూ తప్పుతుంది. ముక్కూమొహం తెలియనివాళ్ల చేత మాట్లాడించి, ఆ తర్వాత విడివిడిగా అడిగి చూసిన అమెరికా మనస్తత్వ పరిశోధకురాలు ఎరికా బూత్‌బీ బృందం 2018లో తేల్చింది ఇదే: అవతలివాళ్లకు మనం అనుకున్నదాని కంటే ఎక్కువే నచ్చుతాం. మన తడబాటు మనకు తెలిసినంతగా ఎదుటివాళ్లకు తెలియదు. పైగా వాళ్ల కంగారు వాళ్లది. ‘అది అమెరికా సంగతి, ఇక్కడ పల్లెటూరివాడని నవ్వుతారు’ అంటారేమో. నవ్వేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు, కాదనను. కానీ నంద్యాల కాలేజీలకు చుట్టుపక్కల మండలాల నుంచి వచ్చేవాళ్లు చాలామంది. వాళ్లలోనూ ఇదే బెరుకు ఉంటుంది.

రోజూ అదే బస్సు, అవే ముఖాలు కావడం మీకు కలిసొచ్చే విషయం. మీకు సీటు దొరికిన రోజున, పక్కన నిలబడ్డ కుర్రాడితో ‘బ్యాగు ఇటివ్వు, నేను పట్టుకుంటా’ అనండి. ఆ పూటకు అంతే చాలు. మర్నాడు పేరు, కాలేజీ అడగొచ్చు. పరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, దగ్గరి స్నేహానికి 200 గంటల పైన కలిసి గడపాలని పరిశోధకుడు జెఫ్రీ హాల్ అధ్యయనం అంచనా వేసింది. కాబట్టి వారంలోనే ఎవరూ దగ్గర కాలేదని నిరాశపడొద్దు. ఒకవేళ ఈ భయంతో క్లాసులు మానేస్తుంటే, నలుగురిలోకి వెళ్లగానే గుండెదడ పుడుతుంటే మాత్రం 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సేవ, తెలుగులోనే మాట్లాడొచ్చు.