ఫోన్‌లో గడిచిన ఒకటో తరగతి

ప్రశ్న: బేగంబజార్‌లో మాది స్టీలు సామాన్ల దుకాణం. 2020లో కరోనాతో బడులు మూతపడి మా బాబు ఒకటో తరగతి ఫోన్‌లోనే చదివాడు. పై తరగతులకు వచ్చినా గుణింతాల దగ్గర తడబడుతున్నాడు. మీరు పక్కన కూర్చోలేదంటారు టీచరు. తప్పెవరిది?

జవాబు: ఆ పంచాయితీ వదిలేయండి. గిరాకీ చూసుకుంటూ పక్కన కూర్చోవడం మీకూ, తెర మీద ఎవరు రాస్తున్నారో కనిపెట్టడం టీచరుకూ అయ్యే పని కాదు. 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరి, టీశాట్‌లలో మొదలైన తెలంగాణ సర్కారు పాఠాలు కూడా మూడో తరగతి నుంచే. ఆన్‌లైన్ చదువులపై కేంద్రం ఇచ్చిన ‘ప్రజ్ఞత’ మార్గదర్శకాలు ఎనిమిదో తరగతి దాకా రోజుకు రెండే క్లాసులు, ఒక్కోటి 30-45 నిమిషాలు అన్నాయి. అది తెర చూసే కళ్ల సంగతి. ఒకటో తరగతిలో అక్షరం చేతికి రావాలి, చెయ్యి పట్టి దిద్దించాలి. ఫోన్ ఏం దిద్దిస్తుంది?

బాబుకు రెండో తరగతి వాచకం ఇచ్చి పైకి చదివించండి. వేలు ఎక్కడ ఆగిందో ఆ గుణింతం, ఆ ఒత్తు రాసిపెట్టి టీచరుకు ఆ కాగితమే చూపండి. సర్కారు బడుల్లో 2022లో ‘తొలిమెట్టు’ కార్యక్రమం తెచ్చింది ఇలాంటి లోటు పూడ్చడానికే. సాయంత్రం దుకాణంలో గిన్నెలు, గరిటెల పేర్లు తెలుగులో వాడిచేతే రాయించండి. మూడు నెలలైనా అక్షరాలు తారుమారవుతుంటే కంటిచూపు, డిస్‌లెక్సియా పరీక్ష చేయించండి. అన్నీ కరోనా ఖాతాలో రాయకండి.