గులాబికి పట్టు రెండు తెగుళ్లు

విశాఖపట్టణమునకు ఈశాన్యముగా, గోస్తనీ నదీతీరమున తగరపువలస యున్నది. భీమునిపట్టణపు సముద్రము చేరువనే యుండుటచే అచటి గాలిలో తేమ హెచ్చు. కృత్రిమ రసాయనములు వాడక, పశువుల యెరువుతోనే గులాబులు పెంచువారికి ఈ తేమయే పరీక్ష.

వానకాలమున గులాబి యాకులపై గుండ్రని నల్లమచ్చలు కనబడును. వాని యంచులు నూలుపోగులవలె చీలియుండును. పిమ్మట ఆకు పసుపువన్నెకు తిరిగి రాలిపోవును. ఇది నల్లమచ్చ తెగులు. దీనికి కారణమొక శిలీంధ్రము. వానచినుకు మచ్చపై పడి చిందినప్పుడు దాని బీజములు ప్రక్క యాకునకు చేరును. ఆకు సుమారు 7 గంటలకాలము తడిగా నున్నచో అవి మొలకెత్తి లోనికి చొచ్చును. ఆకే మొక్కకు వంటశాల. అది మూతపడిన మొక్కకు ఆహారమెక్కడిది? కావున నీటిని ఉదయమున, మొదటిలో మాత్రమే పోయవలెను. రాలిన యాకులను ఏరి కాల్చవలెను. ఎరువుగుంటలో వేయరాదు.

శీతకాలమున వచ్చునది వేరు. లేతచిగుళ్లపై, మొగ్గలపై పిండి చల్లినట్లు తెల్లనిపొర యేర్పడును. ఇది బూడిద తెగులు. చిత్రమేమన, దీని బీజములకు ఆకుపై నీరు నిలువనక్కరలేదు. నిలిచినచో వానికే చేటు. రాత్రివేళ గాలిలోని తేమ చాలును. ఒకదానికి ప్రాణమైన నీరు మరియొకదానికి శత్రువన్నమాట! ఆకును పరికింపక మందుకై అంగడికి పరుగెత్తుట తెలివిగాదు.

ఫ్రాన్సు దేశమున బోర్డో ప్రాంతపు రైతులు, బాటసారులు ద్రాక్షపండ్లు కోయకుండ, బాటప్రక్క తీగలపై మైలుతుత్తము, సున్నము కలిపి చల్లెడివారు. ఆ తీగలకు తెగులు సోకకుండుట మిల్లార్డె అను శాస్త్రజ్ఞుడు గమనించి, 1885లో ఆ మిశ్రమమును లోకమునకు తెలిపెను. అదియే బోర్డో మిశ్రమము. 10 గ్రాముల మైలుతుత్తమును అర లీటరు నీటిలోను, 10 గ్రాముల సున్నమును మరియొక అర లీటరులోను వేరువేరుగ కరగించి, మొదటిదానిని రెండవదానిలో పోసి కలుపుదురు. ఇనుపపాత్ర పనికిరాదు. ఆ ద్రవమున కత్తిని ముంచి తీయగా ఎఱ్ఱని రాగిపూత కనబడినచో సున్నము చాలలేదని గుర్తు. మైలుతుత్తము విషము, పిల్లలు దానిని ముట్టరాదు. మఱియు రాగి నేలలో పేరుకొనునే గాని తరుగదు. అందుచే సేంద్రియ సేద్యమున దీనిని మితముగా వాడుటకే అనుమతింతురు. ఈ మందు ఆరోగ్యముగ నున్న యాకును కాపాడును; మచ్చపడిన యాకును బాగుచేయలేదు.

బూడిద తెగులునకు ఇంతకంటె సులభమైన ఉపాయము కలదు. బ్రెజిల్ దేశమున బెట్టియోల్ అను శాస్త్రజ్ఞుడు నీటిలో ఆవుపాలు కలిపి చల్లగా ఈ తెగులు తగ్గినదని 1999లో ప్రకటించెను. పాలు ఒకవంతు, నీరు తొమ్మిదివంతులు చాలును. అయితే ఆయన ప్రయోగించినది గుమ్మడిజాతి మొక్కపైన. గులాబికి ముందుగా ఒక్క కొమ్మపై చల్లి, వారము దినములు చూచి, పిదప తక్కినవానికి చల్లుట మేలు.