కోటి కోట్ల నోటుకు లామినేషన్ వద్దు

ప్రశ్న: ప్రపంచ నోట్లు సేకరిస్తుంటాను. ఈమధ్యే జింబాబ్వే 100 ట్రిలియన్ డాలర్ల నోటు దొరికింది. లామినేషన్ చేయించవచ్చా? దానికి విలువ ఉందా?

జవాబు: లామినేషన్ మాత్రం చేయించకండి. ఆ వేడికి, జిగురుకు కాగితం శాశ్వతంగా పాడవుతుంది. సేకర్తలెవరూ అలాంటి నోటును కొనరు. పీవీసీ కవర్లూ కాలం గడిచేకొద్దీ నోటుకు అంటుకుంటాయి. పాలిస్టర్ కవరులో, మడత పడకుండా దాచండి. ఇస్త్రీ చేయడం, కడగడం కూడా తప్పే.

ఇక విలువ. 1 పక్కన 14 సున్నాలు, అంటే మన లెక్కలో కోటి కోట్లు! 2008 సంవత్సరంతో ముద్రించి, 2009 జనవరిలో విడుదల చేశారు. 2015లో రద్దు చేసినప్పుడు ఇలాంటి నోటుకు నగదుగా దక్కింది 40 అమెరికన్ సెంట్లే. సేకర్తల దగ్గర మాత్రం అంతకు ఎన్నో రెట్లు పలుకుతోంది. అందుకే నకిలీలూ ఎక్కువే. బంగారు రేకు పూతతో మెరిసేవి బొమ్మ నోట్లు. మీ నోటు ముందువైపు ఒకదానిపై ఒకటి నిలిచిన బండరాళ్లు, వెనుక విక్టోరియా జలపాతం, అడవిదున్న ఉన్నాయేమో చూడండి. కొత్తగా కొనేటప్పుడు నమ్మకమైన నాణేల వ్యాపారి దగ్గరే, రసీదుతో కొనండి.