కొండపొలమును చదివిన పిమ్మట

నవలలు చదువు విద్యార్థి పరీక్షలో తప్పునని మా చిన్ననాట పెద్దలు చెప్పుచుండిరి. ఆ మాట వినుచునే పాఠ్యపుస్తకము నడుమ నవలను దాచి చదివినవారము మేము. ఉపాధ్యాయులమైన పిమ్మట, తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు అదే పని చేయుచుండగా పట్టుకొంటిమి. పుస్తకమును తీసికొని చూడగా అది సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి ‘కొండపొలం’. శిక్షగా దానిని మా యొద్ద నుంచుకొని, ఆ రాత్రియే చదువ నారంభించి, మూడు రాత్రులలో ముగించితిమి.

ఈ నవలకు 2019లో ఉత్తర అమెరికా తెలుగు సంఘము, అనగా తానా వారి బహుమతి వచ్చినది. 2021లో క్రిష్ దర్శకత్వమున అదే పేరుతో చలనచిత్రమును వెలువడెను. చిత్రమును చూచినవారు, కథ తెలిసినదే గదా యని పుస్తకము జోలికి పోరు. ఈ వ్యాసము ముఖ్యముగా వారి కొరకే.

కథ చిన్నది. కడప సీమలో వానలు లేవు. పచ్చిక మాడినది, చెఱువు లెండినవి. గొఱ్ఱెల కాపరులు తమ మందలను బ్రదికించుకొనుటకై నల్లమల కొండలకు తోలుకొని పోవుదురు. దినముల తరబడి అడవిలోనే వంట, అడవిలోనే నిద్ర. దీనికే కొండపొలమని పేరు. చదువు ముగించియు ఉద్యోగము దొరకని యువకు డొకడు తండ్రి వెంట ఈ యాత్రకు బయలుదేరును. ఒక ప్రక్క పులి భయము, మఱియొక ప్రక్క నీటి కొఱత. పట్టణమున నలుగురి యెదుట నోరు విప్పుటకు జంకినవాడు అక్కడ ధైర్యమును నేర్చుకొనును.

ప్రియ విద్యార్థులారా, మన పెబ్బేరు పాఠకునకు ఇది దూరదేశపు కథ కాదు. మన ప్రాంతమును దాటిన కృష్ణ శ్రీశైలము చేరునప్పటికి దాని రెండు గట్లను నిలుచునది ఆ నల్లమలయే. నాగరుకర్నూలు జిల్లాలోని అమ్రాబాదు అడవులు అందలి భాగమే. 1983లో ఏర్పడిన నాగార్జునసాగరు శ్రీశైలము పులుల అభయారణ్యములో చేరియుండి, తెలంగాణము ఏర్పడిన పిమ్మట వేఱైనవి. ఇక మందల మాట యందుమా, శనివారము మన సంతకు వచ్చు గొఱ్ఱెలను, మేకలను, ఎద్దులను చూడని బాలుడు ఈ ఊర లేడు. చూచుటయే గాని తెలిసికొనుట లేదు. మేమును ఆ సంతలో కూరగాయల సంచితో ఎన్ని మారులు నడచితిమో! పొట్టేలు నోరు తెఱచి పండ్లు చూచి బేరమాడువారిని చూచి నవ్వుకొంటిమి గాని, ఆ పొట్టేలు గడచిన వేసవిలో ఎక్కడ నీరు త్రాగినదని యెవరిని అడుగలేదు. ఒక నవల వచ్చి మా చేత ఆ ప్రశ్నను అడిగించినది.

ఇంకొక సంగతి చెప్పవలెను. తప్పిపోయిన గొఱ్ఱె ఉపమానమును మేము ఇరువది సంవత్సరములుగా ఆదివారపు బడిలో బోధించుచున్నాము. నూటిలో ఒకటి లేదని కాపరికి ఎట్లు తెలిసినదో ఏ బాలుడును అడుగలేదు, మాకును తోచలేదు. దీనికి జవాబు పిమ్మట దొరకినది.

భాషను గూర్చి ఒక మాట. ఈ నవలలో మనుష్యులు కడప పల్లెల వాడుకలో మాటలాడుదురు. కొన్ని పలుకుబడులు మన పాలమూరు వారికి వెంటనే తెలియవు. రెండు పుటలు నడచిన పిమ్మట అవియే చెవికి అలవాటగును. విద్యార్థుల వ్యాసములలో పల్లెమాట కనబడినచో ఎఱ్ఱసిరాతో కొట్టివేయు అలవాటు మాకు గలదు. కాని గొఱ్ఱెలను మేకలను కలిపి కాపరులు ‘జీవాలు’ అని యందురు. కడపలోను అదే మాట, మన యొద్దను అదే మాట. మేమీ వ్యాసమును వ్రాయుచున్న భాషలో దానికి సాటి వచ్చు మాటను వెదకితిమి, దొరకలేదు.

మాకు నచ్చని దొకటి కలదు. చలనచిత్రమున కథానాయకునకు తుదకు అటవీశాఖలో గొప్ప ఉద్యోగము దొరకును. చూచువారికి సంతోషమే. అయినను ఆ ఉద్యోగము దొరకనిచో, తండ్రితో అడవిలో గడపిన నాళ్ళు వ్యర్థములా? కష్టపడినవానికి చివర సిరి నిచ్చి పంపుట మన కథలకు పాత అలవాటే. 1878 నాటి వీరేశలింగముగారి ‘రాజశేఖర చరిత్రము’ నుండియు ఉన్నది. బండి నారాయణస్వామిగారి ‘శప్తభూమి’ కూడ కఱవుసీమ నవలయే. 2019లో సాహిత్య అకాడమీ బహుమతి పొందినది. పెద్ద తరగతులవారు దానిని కూడ చదువవచ్చును.

ఇక ఆ బాలుని సంగతి. మరు శనివారము సంత ముగిసిన పిమ్మట వాని తండ్రి భుజమున గొంగడితో పాఠశాలకు వచ్చెను. కొడుకు చదువు చెడుచున్నదని మొఱపెట్టుటకు వచ్చెనని తలచి, తగిన మాటలు సిద్ధపఱచుకొంటిమి.

“సారూ, మా పిలగాని కతల పుస్తకం మీకాడ ఉన్నదంట. రాత్రిళ్లు నాకు సదివి చెప్తుండె. గొర్లు ఇంక కొండల్నే ఉన్నయి. ఇంటికి మల్లినయా లేదా?” అని యడిగెను.

సిగ్గుపడి పుస్తకము నిచ్చివేసితిమి. మందలో ఒకటి తప్పినచో నీకెట్లు తెలియునని అప్పుడడిగితిమి. “లెక్క వెట్టం సారూ, మొగాలు సూస్తం. లేనిది యాదికొస్తది” అనెను.

ఆయన పోయిన పిమ్మట ప్రవేశపు పుస్తకమును తెఱచి చూచితిమి. వానికి గుంట భూమి లేదు. అయినను తండ్రి వృత్తి యని యున్న గడిలో ‘వ్యవసాయము’ అని బాలుని చేతివ్రాత యుండెను. అట్టి చేతివ్రాతలు ఆ పుస్తకమున ఎన్ని గలవో మేము లెక్కపెట్టలేదు. కొన్ని వారములకు విద్యార్థి వేతనపు దరఖాస్తులు వచ్చినవి. ఆ గడి యొద్ద వాని కలము చాలసేపు ఆగెను. మేమేమియు చెప్పలేదు. తుదకు ‘జీవాల పెంపకము’ అని వ్రాసి, అక్షరదోషము లేదు గదా యని మమ్ము అడిగెను. లేదంటిమి.