సొరకాయ నుండి కళ్లజోడు వరకు

మొగుడంపల్లి వంటి మన పల్లెలలో పందిళ్లపై సొరకాయలు వ్రేలాడుచుండును. శస్త్రము పట్టు శిష్యుడు మొదట అట్టి కాయలపైననే కోత నేర్వవలెనని సుశ్రుతాచార్యుడు తన సంహితలో విధించెను. రోగి శరీరము తొలిపాఠమునకు తగిన పలక కాదు గదా!

వెన్నుపూసల నడుమ చిటికెనవ్రేలంత మందమున వెన్నుపాము గలదు. విరిగిన పూసకు మరమేకు బిగించునపుడు, అది కొంచెము దారి తప్పినను కాళ్లు చచ్చుబడవచ్చును. అందుచే నేడు కొన్నిచోట్ల శస్త్రవైద్యము నేర్చువారు కృత్రిమమైన వెన్నెముకపై అభ్యసించుచున్నారు.

2016లో మైక్రోసాఫ్టు సంస్థ వెలువరించిన హోలోలెన్సు వంటి కళ్లజోడు ధరించినచో, లోపలి నరములును, మేకు పోవలసిన దారియు ఆ వెన్నెముకపైననే కాంతిరూపమున తోచును. కన్ను లోపలిది చూచును. చేయి ఎముక గట్టిదనమును గ్రహించును. దీనినే మిశ్రమ వాస్తవ మందురు. పొరబడినచో మరల మొదలిడవచ్చును. బాధపడు ప్రాణి లేదు.

బాలలారా! పనిముట్టు మారినది, సుశ్రుతుని మాట మారలేదు. మనుష్యుని తాకుటకు ముందే చేయి తన పొరపాట్లను దిద్దుకొనవలెను.